మూలికకూ పరీక్ష కావాలి

మా వీర్నపల్లి వైపు పుండు అయితే వేపాకు నూరి కట్టడం, విరేచనాలు పడితే దానిమ్మ తొక్కు కషాయం తాగించడం పెద్దల నాటి అలవాటు. ఇవి పని చేస్తాయా అని ఎవరైనా అడిగితే, "మా తాత వాడిండు, తగ్గింది" అంటాము. అది అనుభవమే గాని రుజువు కాదు.

ఈ మాట కొత్తది కాదు. 1037లో కన్నుమూసిన హకీం ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' వైద్య గ్రంథంలో మందును పరీక్షించే నియమాలు వ్రాసినాడు. గుణం ప్రతిసారీ కనపడాలి, లేకుంటే అది యాదృచ్ఛికం. పరీక్ష మనిషి దేహం మీదనే జరగాలి అన్నాడు.

ఆ యునానీ విద్య దక్కనులో బాగా వేళ్ళూనింది. హైదరాబాదులో 1920లో హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్ తయారుచేసినారు. చార్మినార్ పక్కన నిజామియా దవాఖానా వెలసింది. 1978లో కేంద్ర ప్రభుత్వం యునానీ పరిశోధనకు ప్రత్యేక మండలిని ఏర్పరచింది. దాని సంస్థ ఒకటి ఎర్రగడ్డలో ఉన్నది.

ప్రయోగశాలలో జరిగే పని ఇది. ఆకును నీడన ఎండబెట్టి, పొడిచేసి, నీళ్ళలోనో ఆల్కహాలులోనో నానబెట్టి సారం తీస్తారు. అగర్ పోసిన గాజు పళ్ళెంలో సూక్ష్మజీవులను పరచి, చిన్న గుంటలు చేసి సారం పోస్తారు. 37 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచితే, పనిచేసిన చోట గుంట చుట్టూ తేటని వలయం ఏర్పడుతుంది. దానిని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పక్కన ఒట్టి ఆల్కహాలు గుంట కూడా ఉండాలి. ఆల్కహాలే క్రిములను చంపితే ఆ ఘనత ఆకుకు కట్టబెట్టగూడదు గదా!

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923లో అమెరికా వెళ్ళినారు. ఆయన ఆధ్వర్యంలోని పరిశోధనశాల నుండే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. అది మట్టిలోని సూక్ష్మజీవి నుండి వచ్చిన మందు.

అయితే పళ్ళెంలో వలయం వచ్చినంత మాత్రాన రోగం కుదిరినట్టు కాదు. ఎంత మోతాదు, విషగుణం ఉన్నదా, దేహంలో నిలుస్తుందా అన్నవి తేలాలి. ఇబ్నె సీనా చెప్పిందీ ఇదే.

ఇప్పుడు యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిములు పెరుగుతున్నవి. కొత్త మందుల వెతుకులాటలో మన పెద్దల ఎరుక పనికివస్తుంది. కాని అది వారితోనే మట్టిలో కలిసిపోతున్నది. అందుకే చదువుకునే పిల్లలకు మా మనవి: ఇంట్లో పెద్దలను అడిగి మూలికల పేర్లు, వాడే తీరు వ్రాసి పెట్టండి. జ్వరం ముదిరితే మాత్రం కషాయాన్ని నమ్ముకొని కూర్చోక దవాఖానాకు పోండి.