వకీలు చేతిలో మన డబ్బు: లెక్క ఎవరికి చెప్పాలి?



మన సంఘం ఏటా ఆడిట్ చేయించి, సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివి, రిజిస్ట్రారుకు దాఖలు చేస్తుంది. 1975 నాటి తమిళనాడు సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం అలా చెయ్యమంటుంది. మరి భూమి తగాదాకో, యాక్సిడెంట్ నష్టపరిహారానికో మనం వకీలుకిచ్చే డబ్బు, మన తరఫున ఆయన చేతికొచ్చే డబ్బు? దాని లెక్క ఏటా ఎవరికి పోతుంది? ఈ ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉంది.

ఇంగ్లండులో ఒకప్పుడు సొలిసిటర్లు కక్షిదార్ల సొమ్మును తమ సొంత డబ్బుతో కలిపి ఒకే ఖాతాలో ఉంచుకునేవారు. కలిసిపోయాక ఎవరిదెంతో తేలదు. సొలిసిటరు దివాలా తీస్తే కక్షిదారు మునిగినట్టే. 1901లో బెంజమిన్ గ్రీన్ లేక్ అనే సొలిసిటరు కక్షిదార్ల సొమ్ము వాడుకున్నందుకు జైలుకు పోయాడు. ఆయన సామాన్యుడు కాడు, సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీకి మాజీ అధ్యక్షుడు. పెద్దమనిషి అన్న పేరు సొమ్ముకు కాపలా కాదని జనానికి అప్పుడు తెలిసివచ్చింది.

అయినా చట్టం కదలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1933 చట్టం కింద చేసిన నియమాలతో 1935 నుంచి కక్షిదార్ల సొమ్ముకు విడి ఖాతా తప్పనిసరి అయింది. 1941 చట్టం ఇంకో అడుగు వేసింది. అకౌంటెంటు ఖాతాలు పరిశీలించి ఇచ్చిన సర్టిఫికెట్‌ను సొలిసిటరు ఏటా లా సొసైటీకి అందజేయాలంది. మోసపోయిన కక్షిదార్ల కోసం సొలిసిటర్ల చందాలతో నష్టపరిహార నిధి కూడా పెట్టించింది.

మన దేశంలో 1961 అడ్వొకేట్ల చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఉన్నాయి. కక్షిదారు డబ్బుకు తేదీలతో సహా లెక్క రాయాలని 25వ నియమం. ఫీజుకా, ఖర్చులకా అన్నది చూపాలని, రాతపూర్వక అనుమతి లేకుండా ఖర్చుల డబ్బు ఫీజుకు మళ్ళించరాదని 26వది. మన తరఫున డబ్బు వస్తే వీలైనంత త్వరగా తెలపాలని 27వది. అడిగితే, నకలు ఖర్చు తీసుకుని లెక్క ప్రతి ఇవ్వాలని 30వది. చేతిలో ఉన్న మన సొమ్మును అప్పుగా మార్చుకోరాదని 31వది. తప్పితే 35వ సెక్షన్ కింద మందలింపు మొదలు వకీళ్ళ జాబితా నుంచి పేరు కొట్టివేసేదాకా శిక్ష ఉంది.

కానీ ఏటా బార్ కౌన్సిలుకు లెక్క పంపాలన్న మాట ఈ నియమాల్లో లేదు. 1941 చట్టం అక్కడ ఎవరూ అడగకపోయినా లెక్క తనిఖీకి పోయేలా చేసింది. ఇక్కడ కక్షిదారు అడిగితేనే లెక్క బయటికొస్తుంది.

అడగడానికే మనవాళ్ళకు మొహమాటం. వకీలుగారు ఏమనుకుంటారో అని ఊరుకుంటారు. మేము రైల్వేలో పనిచేసినన్నాళ్ళూ ఏ రోజు క్యాష్ ఆ రోజు లెక్కగట్టి ఒప్పజెప్పడం చూశాం. లెక్క అడిగారని అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. నిజాయితీగల వకీలుకు కూడా ఇది అవమానం కాదు, రక్షణ.

కేసు నడుస్తున్న సభ్యులు డబ్బిచ్చిన ప్రతిసారీ ఫీజుకా, ఖర్చులకా అన్నది రాయించి రసీదు తీసుకోండి. ఏడాదికొకసారి లెక్క ప్రతి కావాలని ఉత్తరం రాసి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.