సేవయే పాఠశాల

మన అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవ సందర్భమున సంఘ చరిత్రతోపాటు మన బిడ్డల విద్యాచరిత్రను కూడ తలంచుకొనుట యుక్తము. పట్టాలు పొందిన యువతీయువకులు నేడు రాచర్ల ప్రాంత పల్లెలలో అనేకులు కలరు. వారి చదువు ఊరికేమి చేసినదని తరచుగా అడుగుదుము. ఊరు వారికేమి నేర్పినదని అడుగువారు అరుదు.

పని ద్వారా నేర్చుకొనుట మన జిల్లాకు క్రొత్త కాదు. 1876-78 సంవత్సరముల ధాత కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించుటకు గుత్త తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించిరి. ఆయన బోధకులే అక్కడ మేస్త్రీలైరి. పని విరామములో కూలీల నడుమ కూర్చుండి వారితో ముచ్చటించుచుండిరి.

స్వాతంత్ర్యానంతరము ఇదే తలంపు విశ్వవిద్యాలయములకు వచ్చినది. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948లో నియమింపబడిన విద్యా కమీషను, విద్యార్థులు స్వచ్ఛందముగా దేశసేవ చేయవలెనని సూచించినది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారు జాతీయ సేవా పథకమును 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభించిరి. ‘నేను కాదు, మీరు’ అనునది దాని ధ్యేయవాక్యము. రెండేండ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామములో ప్రత్యేక శిబిరము అందలి ముఖ్యాంశములు.

గంటలు లెక్కించుట సులభము; నేర్చుకొనుట కష్టము. మేము విద్యార్థులుగా నున్నప్పుడు ఒక పల్లెలో శిబిరమునకు వెళ్ళితిమి. ఎవరినీ అడుగకయే బడి ముందు మట్టిబాట వేయ నారంభించితిమి. ఒక ముసలమ్మ వచ్చి, “నాయనా, వాన పడితే నీళ్లు ఈడనే పోతాయి” అన్నది. మేము నవ్వి ఊరకుంటిమి. తొలి వానకే బాట కొట్టుకొనిపోయినది. మరుసటి ఏడు సిగ్గుతో వెళ్ళి ఆమెనే అడిగితిమి. ఆమె చూపిన చోట నీటికి దారి విడిచి, రాళ్లు పేర్చి, మరల బాట వేసితిమి. ఆ సాయంకాలము కూర్చుండి మా తప్పును మేమే చర్చించుకొంటిమి. మా చదువులో మరువరాని పాఠమదియే.

1967లో అమెరికాలో రాబర్టు సిగ్మన్, విలియం రామ్సే అను విద్యావేత్తలు ‘సర్వీస్ లెర్నింగ్’ అని పేరుపెట్టినది ఇట్టి చదువునకే. సేవ చేయుట ఒక సగము. చేసినదానిని గూర్చి ఆలోచించి నేర్చుకొనుట రెండవ సగము. రెండవది లేనిచో శిబిరము విహారయాత్రయగును, పల్లెకు ఫోటోలు తప్ప మిగులదు.

మన పశ్చిమ ప్రకాశము మెట్ట ప్రాంతము. గుండ్లకమ్మ ప్రక్కనే పారుచున్నను వేసవిలో త్రాగునీటికి తిప్పలు. అనేక గ్రామములలో బోరునీట ఫ్లోరైడు బాధ. ఏ బావి ఎప్పుడు ఎండునో, ఏ వాగు ఎటు పొర్లునో మన పెద్దలకు తెలియును. కాబట్టి విద్యార్థులు మన ఊరికి వచ్చినప్పుడు దండలు వేసి, భోజనము పెట్టి పంపివేయుట చాలదు. వారి తప్పును తప్పని చెప్పుడి. మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వారి చేతికి పార ఇచ్చి, ప్రక్కన నిలిచి నేర్పుడి. మన ప్రభువు శిష్యులకు వినయమును నేర్పినప్పుడు పళ్లెమును, తువాలును చేతబట్టెను గదా.