పాప: ఒక చిన్న మాట, ఎన్నో అర్థాలు

సోనేపూర్ తీరం నుంచి బరంపురం దాకా మన తెలుగు ఇళ్లలో రోజూ వినిపించే మాట ‘పాప’. నాయనమ్మ మనవరాలిని “పాపా, ఇలా రామ్మా” అంటుంది. ఆ మనవరాలు బడిలో నేర్చుకొచ్చి తండ్రిని “పాపా” అంటుంది. ఒక్క పిలుపుకు ఇద్దరూ పలుకుతారు. వీధిలో ఒడియా వారి చెవికి మాత్రం అది ‘పాపొ’, అంటే పాపం, దోషం అన్నట్టు తోస్తుంది. ఈ మాట సంగతి వివరంగా రాయమని సభ్యులు కొందరు అడగడంతో ఇది రాస్తున్నాము.

మన ‘పాప’ ద్రావిడ మాట. తమిళంలో ‘పాప్పా’ అన్నా పసిబిడ్డే. ఒడియా ‘పాపొ’, మన ‘పాపం’ రెండూ సంస్కృతం నుంచి వచ్చినవి. అంటే మన పాపకూ ఆ పాపానికీ చుట్టరికం లేదు, శబ్దం మాత్రమే కలిసింది. పైగా తెలుగులో “అయ్యో పాపం” అంటే జాలి కూడాను. తండ్రిని పిలిచే ‘పాపా’ది వేరే దారి. ఒడియాలో తండ్రి ‘బాపా’. పెదవులు కలిపి పలికే ప, బ, మ పసివాళ్లకు సులువు కనుక ఇలాంటి పిలుపులు ప్రపంచమంతా పుట్టాయని రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త వివరించారు. అయితే ఏ పిలుపు ఎవరికి దక్కుతుందన్నది ఆయా భాషల ఇష్టం. జార్జియా దేశపు భాషలో ‘మామా’ అంటే తండ్రి!

ఐరోపాలో ఈ మాట ఇంకా తమాషాగా తిరిగింది. గ్రీకులో తండ్రిని ముద్దుగా పిలిచే ‘పాప్పాస్’ లాటిన్‌లో ‘పాపా’ అయి, క్రైస్తవ మతాధికారులకు గౌరవ పదంగా మారి, చివరికి పడమటి దేశాల్లో రోము పీఠాధిపతికే మిగిలింది. ఇంగ్లీషు ‘పోప్’ అదే. గ్రీసులో ఈనాటికీ మామూలు పూజారి ‘పపాస్’. ఇటలీలో మొదటి అక్షరం ఊది పలికితే పోపు, రెండోది ఊదితే నాన్న. స్పెయిన్ వారి భాషలో మూడోది కూడా చేరింది. 1532లో పెరూ మీదికి వెళ్లిన స్పానిష్ వారికి అక్కడి కెచువా భాషలో దుంపను ‘పాపా’ అంటారని తెలిసింది. లాటిన్ అమెరికాలో బంగాళాదుంప నేటికీ ‘పాపా’యే. ‘ఎల్ పాపా’ అంటే పోపు, ‘లా పాపా’ అంటే దుంప. లింగం తప్పితే పోపుగారు కూరలో పడతారు.

మాకు అన్నిటికన్నా నచ్చినది కనుపాప. కంటి నల్లగుడ్డులోకి దగ్గరగా చూస్తే ఎదుటివారి బొమ్మ చిన్నగా కనిపిస్తుంది. అందుకే మనవాళ్లు దాన్ని పాప అన్నారు. లాటిన్‌లో ‘పూపిల్లా’ అంటే చిన్నపిల్ల, కనుపాప రెండూను. గ్రీకు ‘కోరే’ కూడా అంతే. అందరూ ఆ కంట్లోకే చూశారు.

ఇక మన ఇళ్లకు సంబంధించిన విషయం. పాపయ్య, పాపమ్మ, పాపారావు మన పాత పేర్లు. 1757 బొబ్బిలి యుద్ధంలో ఖ్యాతి పొందిన తాండ్ర పాపారాయుడి పేరూ అదే కోవలోది. 1936లో గంజాం ఒడిశాలో కలిసిన తరువాత రికార్డులు ఒడియాలోకి మారాయి. బడిలో తోటివారు నవ్వుతున్నారని పిల్లలు ఇంట్లో చెప్పుకోవడం, పెద్దలు పేరు మార్చేయడం మేము చాలా చూశాము. నవ్వు మాట అటుంచండి. గుమాస్తాగిరీలో జీవితం గడిపినందున మాకు తెలిసిన చిక్కు వేరే ఉంది. పట్టాలో పాపయ్య, మనవడి కాగితాల్లో తాత పేరు ఇంకేదో అయితే, వారసత్వ పత్రం దగ్గర ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఒడియాలో రాయించేటప్పుడు రెండో ‘పా’కు దీర్ఘం ఉన్న పేరుకు దీర్ఘం ఉంచమని అడగండి. పాపారావు అప్పుడు పాపారావుగానే ఉంటాడు. పాపయ్య, పాపమ్మలకు ఆ వీలు లేదు కనుక అయ్య, అమ్మలను విడదీయకుండా ఒకే మాటగా రాయించండి. ముందున్న పట్టా, రేషన్ కార్డుల నకళ్లు వెంట తీసుకెళ్లి, అన్నిచోట్లా అదే రాత ఉందో లేదో సంతకం పెట్టే ముందే చూసుకోండి.