సైబర్ క్రైమ్: ఖాతాలో డబ్బు మాయమైందా? తొలి గంటలో చేయాల్సిన పనులివే.. 1930 కాల్ నుంచి రీఫండ్ దాకా పూర్తి వివరాలు

రాత్రి 9 గంటలు. భోజనం చేస్తుండగా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఖాతా నుంచి రూ.49,999 డెబిట్. రెండు నిమిషాల్లో మరో మెసేజ్.. ఈసారి రూ.25,000. చేయి ముద్ద దగ్గరే ఆగిపోతుంది. గుండె దడదడలాడుతుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది మూడు తప్పులు చేస్తున్నారు.

మొదటిది.. మోసం చేసిన నంబర్‌కే తిరిగి ఫోన్ చేసి బతిమాలడం. రెండోది.. బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ కోసం ఇంటర్నెట్‌లో వెతికి, అక్కడ కేటుగాళ్లు పెట్టిన నకిలీ నంబర్‌కు కాల్ చేయడం. మూడోది.. ఇంట్లో తిడతారని ఎవరికీ చెప్పకుండా, పొద్దున్నే బ్యాంకుకు వెళ్దాంలే అని ఊరుకోవడం. తెల్లారేసరికి ఆ డబ్బు ఎక్కడో ఏటీఎంలో నోట్లుగా మారిపోయి ఉంటుంది.

డబ్బు పోయాక అది తిరిగొస్తుందా లేదా అన్నది చాలావరకు ఒక్క విషయంపైనే ఆధారపడి ఉంటుంది. ఎంత త్వరగా ఫిర్యాదు చేశారు అన్నదే ఆ విషయం. అందుకే పోలీసులు తొలి గంటను గోల్డెన్ అవర్ అంటున్నారు.

1930కి కాల్ చేస్తే ఏం జరుగుతుంది?

1930 జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. కేంద్ర హోంశాఖ పరిధిలోని ఇండియన్ సైబర్ క్రైమ్ కోఆర్డినేషన్ సెంటర్, అంటే ఐ4సీ ఆధ్వర్యంలో ఈ వ్యవస్థ నడుస్తోంది. 2021లో 155260 నంబర్‌తో మొదలైంది. గుర్తుపెట్టుకోవడం తేలికగా ఉండాలని తర్వాత 1930గా మార్చారు. మీ కాల్‌ను మీ రాష్ట్ర సైబర్ పోలీసు సిబ్బంది తీసుకుంటారు.

మీరు చెప్పిన వివరాలు అక్కడి సిస్టమ్‌లోకి ఎక్కగానే మీ బ్యాంకుకు అలర్ట్ వెళ్తుంది. డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో మీ బ్యాంకు చూస్తుంది. ఆ ఖాతా ఉన్న బ్యాంకుకు సమాచారం అందుతుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే హోల్డ్ పెడతారు. అక్కడి నుంచి మరో ఖాతాకు వెళ్లిపోయి ఉంటే అలర్ట్ ఆ తర్వాతి బ్యాంకుకు వెళ్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఒకరి ఖాతా నుంచి లక్ష పోయింది అనుకుందాం. అది మొదట ఒక ఖాతాలో పడుతుంది. వెంటనే మూడు ముక్కలై మూడు ఖాతాలకు, అక్కడి నుంచి మరో పది ఖాతాలకు వెళ్తుంది. చివరికి ఏటీఎం, చెక్కు లేదా క్రిప్టో రూపంలో బయటికి పోతుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోవచ్చు. మొదటి ఖాతాలో ఉండగా పట్టుకుంటే మొత్తం మిగలొచ్చు. ఆలస్యమైన కొద్దీ చేతికి దొరికేది తగ్గిపోతుంది.

కాల్ చేసే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

* డబ్బు పోయిన బ్యాంకు లేదా వాలెట్ పేరు, ఖాతా నంబర్
* ట్రాన్సాక్షన్ ఐడీ లేదా యూటీఆర్ నంబర్. యూపీఐలో అయితే పేమెంట్ వివరాల్లో 12 అంకెలతో కనిపిస్తుంది
* ఎంత పోయింది, ఏ తేదీన, ఎన్ని గంటలకు
* మోసగాడి ఫోన్ నంబర్, యూపీఐ ఐడీ, వెబ్‌సైట్ లింక్ లాంటివి ఏవి ఉంటే అవి

అన్నీ దొరికాకే ఫోన్ చేద్దాం అని కూర్చోవద్దు. డెబిట్ మెసేజ్ ఒక్కటి చేతిలో ఉన్నా చాలు, ముందు కాల్ చేయండి. లైన్ బిజీ వస్తే పదే పదే ప్రయత్నించండి. అదే సమయంలో ఇంట్లో మరొకరు పోర్టల్‌లో ఫిర్యాదు మొదలుపెట్టొచ్చు.

1930 సిబ్బంది ఓటీపీ అడగరు. పిన్, సీవీవీ అడగరు. స్క్రీన్ షేర్ చేయమనరు. అడిగారంటే అవతల ఉన్నది పోలీసు కాదు.

బ్యాంకుకు కూడా చెప్పాల్సిందే

1930కి చెప్పాం కదా, ఇక బ్యాంకుతో పనేంటి అనుకోవద్దు. కార్డు వెనక లేదా పాస్‌బుక్‌పై ఉన్న నంబర్‌కే ఫోన్ చేయండి. కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించండి. కంప్లయింట్ నంబర్ రాసుకోండి. దీని వెనక డబ్బు లెక్క ఉంది.

2017 జూలైలో ఆర్బీఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం.. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో వేరెవరో చేశారు అనుకుందాం. బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పని దినాల్లోపు మీరు చెబితే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 పని దినాల మధ్య చెబితే మీ నష్టానికి పరిమితి ఉంటుంది. మామూలు సేవింగ్స్ ఖాతాకు అది రూ.10,000. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు పాలసీని బట్టి ఉంటుంది. బ్యాంకు తప్పిదమే అయితే మీకు బాధ్యత ఉండదు.

మరి ఓటీపీ మీరే చెప్పేశారు, లేదా మీరే డబ్బు పంపేశారు.. అప్పుడు? బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీదే అవుతుంది. కానీ చెప్పిన తర్వాత కూడా ఖాతా నుంచి అనధికారికంగా డబ్బు పోతే అది బ్యాంకు భరించాలి. అంటే ఓటీపీ చెప్పిన వాళ్లకు కూడా త్వరగా ఫిర్యాదు చేస్తే ప్రయోజనం ఉంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసే వీలుంది. దీనికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా?

అధికారిక వెబ్‌సైట్ సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర్లో గవ్ డాట్ ఇన్ ఉందో లేదో కచ్చితంగా చూసుకోండి. ఆ పేరుకు దగ్గరగా ఉండే నకిలీ సైట్లతోనూ మోసాలు జరుగుతుంటాయి.

1930కి కాల్ చేశాక మీ మొబైల్‌కు ఒక అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ వస్తుంది. ఆ నంబర్‌తో పోర్టల్‌లో 24 గంటల్లోపు పూర్తి వివరాలు నింపాలి. చాలామంది కాల్‌తో పని అయిపోయింది అనుకొని ఇక్కడే వదిలేస్తారు. అలా వదిలేయొద్దు.

ఫిర్యాదు రాసేటప్పుడు కథంతా కలగాపులగంగా రాయొద్దు. మొదట కాల్ ఎప్పుడొచ్చింది, ఏం చెప్పారు, ఏ లింక్ నొక్కారు, ఏ సమయంలో ఎంత పోయింది.. ఈ వరుసలో రాయండి. స్క్రీన్‌షాట్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేయండి. సిగ్గుపడి చాటింగ్ డిలీట్ చేయడం, కోపంతో ఫోన్ రీసెట్ కొట్టడం అస్సలు వద్దు. రేపు కోర్టులో అవే సాక్ష్యాలు.

ట్రాఫిక్ చలాన్ అనో, పెళ్లి కార్డు అనో వచ్చిన ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేశారా? వెంటనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై ఆపేయండి. ఇంట్లో వేరే ఫోన్ నుంచి 1930కి, బ్యాంకుకు కాల్ చేయండి.

పోలీస్ స్టేషన్ మా పరిధి కాదు అంటే?

ఇప్పుడు ఆ మాట చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయొచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపిన సమాచారంపై మూడు రోజుల్లో సంతకం చేస్తే దాన్ని రికార్డు చేస్తారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు.

ఇలాంటి కేసుల్లో సాధారణంగా ఐటీ చట్టంలోని 66సీ, 66డీ సెక్షన్లు పెడతారు. వేరొకరి పాస్‌వర్డ్, గుర్తింపు వివరాలు వాడటం మొదటిది. ఆన్‌లైన్‌లో వేరొకరిలా నటించి మోసం చేయడం రెండోది. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు.

డిజిటల్ అరెస్ట్ అంటూ వీడియో కాల్ వస్తే..

సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పేరుతో పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, కెమెరా ముందు నుంచి కదలొద్దు.. ఈ మాటలతో రిటైరైన పెద్దవాళ్లను రోజుల తరబడి గదిలోనే కూర్చోబెట్టి జీవితకాలం దాచుకున్నదంతా ఊడ్చేస్తున్నారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ప్రధాని మోదీ కూడా 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ఇదే చెప్పారు. ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అని సూచించారు.

ఈ మోసంలో కేటుగాళ్లు పెట్టే మొదటి షరతు ఎవరికీ చెప్పొద్దు అన్నదే. కాబట్టి కాల్ కట్ చేసి పక్కింటి వాళ్లకైనా చెప్పేస్తే వాళ్ల ఆట సగం ముగిసినట్టే. పిల్లలు ఊళ్లో లేని అమ్మానాన్నలకు ఈ ఒక్క విషయం ముందే చెప్పి ఉంచడం మంచిది.

డబ్బు పోలేదు, కానీ అనుమానంగా ఉంది..

ఇలాంటి కాల్, మెసేజ్ వస్తే సంచార్ సాథీ పోర్టల్ లేదా యాప్‌లోని చక్షు విభాగంలో చెప్పొచ్చు. డబ్బు పోయిన వాళ్లు మాత్రం ఇక్కడ సమయం వృథా చేయకుండా 1930కే వెళ్లాలి. మీ పేరుతో ఎన్ని సిమ్‌లు ఉన్నాయో, పోయిన ఫోన్‌ను ఎలా బ్లాక్ చేయాలో కూడా సంచార్ సాథీలో ఉంటుంది.

ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తున్నారా? మహిళలు, పిల్లలకు సంబంధించిన అశ్లీల కంటెంట్‌పై పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇచ్చే వీలుంది. డబ్బు ఇస్తే ఆగిపోతారు అనుకోవద్దు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు.

హోల్డ్ అయిన డబ్బు చేతికి ఎలా వస్తుంది?

హోల్డ్ పెట్టారంటే వెంటనే మీ ఖాతాలో పడినట్టు కాదు. ఆ డబ్బు ఎవరిదో తేలాలి. సాధారణంగా కోర్టులో పిటిషన్ వేసి, ఉత్తర్వులు తీసుకున్నాక బ్యాంకు విడుదల చేస్తుంది. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో జాతీయ లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు రీఫండ్ ఇప్పిస్తోంది. అందుకే అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ జాగ్రత్తగా పెట్టుకోండి. ఎంత హోల్డ్ అయిందో దర్యాప్తు అధికారిని అడిగి తెలుసుకోండి.

ఇక్కడే రెండో ఉచ్చు కాచుకొని ఉంటుంది. మీ డబ్బు రికవరీ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అంటూ ఫోన్ వస్తుంది. ఫిర్యాదు చేయడానికి గానీ, రీఫండ్‌కు గానీ పోలీసులు ఫోన్‌లో ఫీజు అడగరు.

ఖాతా అద్దెకిస్తే మీరూ నిందితులే

ఖాతా వాడుకోనిస్తే కమీషన్ ఇస్తాం అంటే కొందరు విద్యార్థులు, చిన్న ఉద్యోగులు ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేస్తున్నారు. వీటినే మ్యూల్ అకౌంట్లు అంటారు. దోచిన డబ్బు తిరిగేది వీటిలోనే. పోలీసులు మొదట తలుపు తట్టేది కూడా ఆ ఖాతాదారుడి ఇంటికే.

విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగం అంటూ తీసుకెళ్లి మోసాలు చేయించే ముఠాలూ ఉన్నాయి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఇలాంటిదే. ఏజెంట్ మాట నమ్మి వెళ్లిన మన కుర్రాళ్లను అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు.

ఏ తప్పూ చేయకపోయినా ఖాతా ఫ్రీజ్ అయ్యే సందర్భాలు ఉంటాయి. కిరాణా కొట్టులో ఎవరో దోచిన డబ్బుతో యూపీఐ పేమెంట్ చేసి ఉండొచ్చు. అప్పుడు కంగారు పడకుండా ఏ రాష్ట్ర పోలీసులు, ఏ ఫిర్యాదు నంబర్‌పై ఫ్రీజ్ చేశారో బ్యాంకును అడగండి. అమ్మిన సరుకు బిల్లు ఆధారాలతో ఆ అధికారికి రాతపూర్వకంగా వివరణ పంపండి.

ఇప్పుడే చేయాల్సిన పని

1930 నంబర్‌ను, మీ బ్యాంకు అసలు హెల్ప్‌లైన్ నంబర్‌ను ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లోనూ సేవ్ చేసి, ఒక కాగితంపై రాసి గోడకు అంటించండి. ఇంట్లో ఎవరికైనా డబ్బు పోతే ముందు తిట్టకండి, ముందు ఫోన్ చేయండి. తిట్లకు భయపడి ఒక మనిషి గంటసేపు దాచిపెడితే.. మోసగాడికి కావాల్సింది సరిగ్గా ఆ గంటే.