జీపు ఇంజను చప్పుడు, నాలుగు ప్లగ్గులు, ఒక స్క్రూడ్రైవరు

పాత జీపుల ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు: "ఆ రోజుల్లో మెకానిక్కులు చెవితోనే చెప్పేసేవాళ్ళండీ, బానెట్ కూడా ఎత్తేవాళ్ళు కాదు". వినటానికి బావుంటుంది గానీ నేను పెద్దగా నమ్మను. చెవి మోసపోతుంది. జీపు చరిత్ర చూస్తే చెవి కన్నా పద్ధతే గొప్పదనిపిస్తుంది.

1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగే ఒక చిన్న బండి కావాలంది. బాంటమ్, విల్లీస్, ఫోర్డ్ పోటీ పడ్డాయి. విల్లీస్ నెగ్గటానికి ముఖ్య కారణం దాని ఇంజను. పేరు 'గో డెవిల్'. కొత్తదేం కాదు, పాత 48 హార్స్ పవర్ ఇంజన్నే బార్నీ రూస్ అనే ఇంజనీరు సానబెట్టి 60కి తెచ్చాడు. 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, వాల్వులన్నీ బ్లాకులోనే ఓ పక్కన. ఫోర్డ్ తయారుచేసిన జీపుల్లోనూ ఇదే డిజైను. యుద్ధం అయ్యేసరికి రెండు కంపెనీలూ కలిపి ఆరు లక్షల పైచిలుకు జీపులు దించాయి.

ఇన్ని బళ్ళకి సరిపడా బంగారు చెవులు ఎక్కణ్ణించి వస్తాయి? సైన్యంలో చేరిన కుర్రాళ్ళలో ఇంజను మొహం చూడనివాళ్ళు బోలెడుమంది. అందుకే సైన్యం అంతా రాసిపెట్టింది. 1944 నాటి టీఎం 9-803 మాన్యువల్ అలాంటిదే. మాన్యువల్ చదవనివాళ్ళ కోసం 'ఆర్మీ మోటార్స్' అనే పత్రిక, అందులో విల్ ఐస్నర్ గీసిన 'జో డోప్' బొమ్మలు. బండిని ఎలా వాడకూడదో చేసి చూపించే తింగరి సైనికుడన్నమాట ఈ జో డోప్ :)

ఇంతకీ పద్ధతి ఏంటి? ఇంజను టకటకమంటోంది. మొదట లెక్క. క్యామ్ షాఫ్టు క్రాంకు వేగంలో సగమే తిరుగుతుంది. ఐడిలింగ్ 600 ఆర్పీఎం అనుకుంటే క్రాంకు సెకనుకి పదిసార్లు, ఒక్కో వాల్వు ఐదుసార్లు. కాబట్టి నెమ్మదైన టకటక అయితే టాపెట్లు అని పాఠం చెప్తారు. కానీ ఒక సిలిండర్లో పెట్రోలు మండేది కూడా రెండు చుట్లకి ఒక్కసారే కదా! అరిగిన బేరింగు ఆ దెబ్బకే కొట్టుకుంటే అదీ సెకనుకి ఐదే. లెక్క ఒక్కటే చాలదని తేలిపోయింది.

అప్పుడు స్క్రూడ్రైవరు బయటికొస్తుంది. పిడి ప్లాస్టిక్‌దో చెక్కదో అయ్యుండాలి. దాన్ని ప్లగ్గు కొనకీ ఇంజను హెడ్డుకీ ఆనిస్తే ఆ సిలిండర్లో నిప్పురవ్వ రాదు, లోడు పోతుంది. చప్పుడు తగ్గిందా? ఆ సిలిండరు కనెక్టింగ్ రాడ్ బేరింగు మీద అనుమానం. ఏమీ మారలేదా? టాపెట్లవైపు చూడాలి. డబుల్ కొట్టిందా? గజన్ పిన్ కావచ్చు. పక్కపక్కనున్న 2, 3 సిలిండర్లు రెండూ ఆపితేనే తగ్గితే మధ్య మెయిన్ బేరింగు (గో డెవిల్‌కి మెయిన్ బేరింగులు మూడే). మనం ఒక్కో మాడ్యూలూ కామెంట్ చేసి బగ్ ఎక్కడుందో పట్టుకున్నట్టే. చప్పుడు వర్ణించటం కాదు, దాన్ని అవును-కాదు ప్రశ్న అడగటం.

ఈ పరీక్షనీ బోల్తా కొట్టించేది ఒకటుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్. అది లీకైతే అచ్చం టాపెట్ లాగే టిక్కుటిక్కుమంటుంది, ఎక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది. పైగా ప్లగ్గు ఆపితే తగ్గుతుంది, బేరింగు లాగే! సైడ్ వాల్వ్ ఇంజన్లో టాపెట్ల మూత మానిఫోల్డ్ వెనకాలే ఉండటంతో చప్పుడు వచ్చే చోటు కూడా దాదాపు ఒకటే. తేడా ఏంటంటే, లీకు చాలాసార్లు ఇంజను వేడెక్కి ఇనుము వ్యాకోచించాక తగ్గుతుంది, అతుకు దగ్గర నల్లటి మసి వదులుతుంది. రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర, రెండోది అతుకు దగ్గర పెడితే గుట్టు బయటపడుతుంది.

ఇది చూడకుండా "ఇంజను దించి బోరు కొట్టించాలి సార్" అంటే? డబ్బు సంగతి అటుంచండి. బోరు కొట్టిన ప్రతిసారీ సిలిండరు గోడ పలచబడుతుంది, స్లీవు వేయించుకోవటం తప్ప వెనక్కి రాదు. గాస్కెట్‌తో పోయేదానికి ఎనభై ఏళ్ళ బ్లాకుని బలిపెట్టినట్టు. ఇటువైపూ ప్రమాదం ఉంది లెండి. నిజంగా రాడ్ కొడుతూ, ఆయిల్ ప్రెషరు ముల్లు కూడా పడిపోతుంటే "టాపెట్లేలే" అని తోలితే, రాడ్ బ్లాకుని పగలగొట్టుకుని బయటికొస్తుంది.

చప్పుడుకి తప్పు కారణం అంటగట్టటం పెద్దవాళ్ళకీ తప్పలేదు. 1910లలో ఇంజన్ల నాకింగ్‌కి చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన బ్యాటరీ ఇగ్నిషనే కారణమన్నారు. అసలు దోషం ఇంధనానిదని ఆయన దగ్గర పనిచేసే థామస్ మిడ్జ్‌లీ కొలిచి తేల్చాడు. 1921లో దొరికిన మందు సీసం కలిపిన పెట్రోలు. ఆ విషాన్ని మన దేశం 2000లో గానీ పూర్తిగా వదిలించుకోలేదు, అది వేరే కథ. గో డెవిల్ కంప్రెషన్ 6.48 మాత్రమే కాబట్టి ఇప్పటి మామూలు పెట్రోలుతో నాకింగ్ రాకూడదు. వస్తే టైమింగు చూసుకోవాలి, లేదా లోపల మసి పేరుకుని ఉంటుంది.

మన దగ్గర మహీంద్రా 1940ల చివర్లో విల్లీస్ జీపులు బిగించటం మొదలెట్టింది. తర్వాత మనూళ్ళలో పోలీసు జీపుగానో బీడీవో గారి జీపుగానో తిరిగిన సీజే-3బీలో హరికేన్ ఇంజను. ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే, ఇన్‌టేక్ వాల్వులు మాత్రం పైకెక్కాయి. ఇంజను ఎత్తు పెరిగి బానెట్టూ ఎత్తయింది. టాపెట్ చప్పుడు వెతకటానికి ఒకటి కాదు, రెండు చోట్లు.

పెట్రోలు రేటు భరించలేక చాలామంది ఆ ఇంజన్లు పీకేసి డీజిలు పెట్టించారు. డీజిలుకి ప్లగ్గే లేదు, టకటక దాని సహజగుణం. అయినా మెకానిక్కులు పద్ధతి మార్చలేదు. ఒక్కో సిలిండరుకి వెళ్ళే డీజిలు పైపు నట్టు కాస్త వదులు చేసి ఆ సిలిండరుని ఆపి వింటారు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్ల మీద మాత్రం పొరపాటున కూడా ఆ పని చెయ్యకండి. అందులో ప్రెషరు వెయ్యి బార్ దాటుతుంది, డీజిలు చర్మంలోకి దిగిపోతుంది. వాటికి ల్యాప్‌టాప్ తగిలించి ఒక్కో ఇంజెక్టరునీ సాఫ్ట్‌వేర్‌తో ఆపి చూస్తారు. దాన్ని సిలిండర్ కటౌట్ టెస్ట్ అంటారు.