తస్వీర్ నక్కో అన్న నానీ, మామూ తెచ్చిన కెమెరా

2005లో మా మామూ జెద్దా నుంచి చుట్టీ మీద వచ్చినప్పుడు తెచ్చిన సామానులో ఖజూర్లు, జమ్‌జమ్ డబ్బా, రెండు జానమాజ్‌లు, నాలుగు అత్తర్ శీషాలు ఉన్నాయి. వాటి మధ్యన తువ్వాలలో చుట్టి కొడాక్ ఈజీషేర్ సీఎక్స్ 7300 కెమెరా ఉంది. ఆపా నికా కోసమని తెచ్చాడు. 2004లో వచ్చిన మోడల్, ఆ కంపెనీ డిజిటల్ కెమెరాల్లో చవక రకం. 3.2 మెగాపిక్సెల్. జూమ్ చేస్తే లెన్సు ముందుకు రాదు, బొమ్మనే సాగదీసి చూపిస్తుంది. లోపలి మెమరీ 16 ఎంబీ, అంటే మంచి సైజులో తీస్తే పది పదిహేను ఫోటోలతో సరి. వెనకాల 1.6 అంగుళాల తెర. మామూ దానికి తోడు 128 ఎంబీ కార్డు ఒకటి కొనుక్కొచ్చాడు గానీ, సెల్లుల సంగతి ఎవరూ ఆయనకు చెప్పినట్టు లేదు.

బజారులో దొరికే మామూలు టార్చిలైటు సెల్లులు రెండు వేస్తే ఐదారు ఫోటోలకే కెమెరా కళ్లు మూసేది. ఖరాబయిందని అమ్మీ మామూ మీద గుస్సా అయింది. తప్పు కెమెరాది కాదు. ఫ్లాషూ తెరా ఒక్కసారిగా గుంజే కరెంటును ఆ జింక్ కార్బన్ సెల్లులు ఇవ్వలేవు. వాటినే తీసి గోడ గడియారంలో వేస్తే ఇంకో ఆరు నెలలు నడిచాయి. తరువాత చార్జింగ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు హైదరాబాద్ నుంచి తెప్పించాక కెమెరాకు జాన్ వచ్చింది.

ఈ కెమెరా మా ఇంట్లో ఏం చేసిందో అర్థం కావాలంటే, అంతకు ముందు మా ఇంట్లో ఫోటో అంటే ఏమిటో చెప్పాలి.

1986 ప్రాంతంలో మా ఖాలాకు రిష్తాలు చూస్తున్నారు. మా నానా ఆమెను బుర్ఖాలో బజారులోని స్టూడియోకు తీసుకుపోయి ఒక ఫోటో తీయించాడు. మూడు కాపీలు కడిగించాడు. ఒకటి ఎవరో పిల్లగాడి ఇంటికి పోయింది, రిష్తా కుదరలేదు, ఫోటో వాపస్ రాలేదు. అడగడానికి నానాకు మొహమాటం. అది చాలదన్నట్టు, ఒకరోజు జుహర్ నమాజు చదివి వస్తుంటే స్టూడియో అద్దాల షోకేసులో, ఇద్దరు సినిమా హీరోయిన్ల నడుమ ఖాలా కనపడింది. ఫోటో బాగా వచ్చిందని స్టూడియో ఆయన మురిసిపోయి పెట్టుకున్నాడు. ఆయన మనసులో చెడేమీ లేదు, అప్పటి స్టూడియోల రివాజే అది. నానా లొల్లి చేయలేదు. పైసలిచ్చి ఆ ఫోటోను ఫ్రేముతో సహా కొన్నాడు. నెగెటివ్ కూడా అడిగి తీసుకుని, ఇంటికొచ్చి పొయ్యిలో వేశాడు. ఆ తరువాత మా ఇంట్లో ఆడవాళ్ల ఫోటో తీయలేదు. మా పాత ఆల్బంలు చూస్తే షేర్వానీలో దూల్హాలు, డేగ్‌ల ముందు వంటవాళ్లు, వలీమా దస్తర్‌ఖాన్ మీద కూర్చున్న మగవాళ్ల వరుసలు. దుల్హన్ ఉండాల్సిన చోట పూల సెహ్రా ఒకటి వేలాడుతుంటుంది.

రీలు కెమెరాలో బటన్ నొక్కేది మన ఇంటి మనిషే అయినా ఫోటో మన చేతికొచ్చేలోపు మధ్యన ఎందరో ఉంటారు. రీలు స్టూడియోకు పోవాలి. అక్కడి నుంచి బస్సులో నల్లగొండకో హైదరాబాదుకో కలర్ ల్యాబ్‌కు పోవాలి. మిషన్ మీద కూర్చున్న మనిషి ఒక్కో ప్రింటునూ చూసి రంగు సరిచేస్తాడు. కవరులో పెట్టే పిల్లగాడు చూస్తాడు. ఇంతమంది గైర్ మర్దుల కళ్ల కింది నుంచి వచ్చిన ఫోటోను తెచ్చి పరదా చాటున దాచుకోవడం మా నానీకి నవ్వులాటగా ఉండేది.

ఈ మధ్యలోని మనిషి సమస్య మా ఇంటిదే కాదు, చాలా పాతది. నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో అని ప్రత్యేకంగా ఆడవాళ్ల కోసం తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపలికి మగవాళ్లకు ప్రవేశం లేదు. కెన్నీ లెవిక్ అనే తెల్లదొరసాని దాన్ని నడిపింది. పరదాలో ఉండే బేగంలు అక్కడ నిశ్చింతగా ఫోటో దిగేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీన్‌దయాళ్‌కు ముసవ్విర్ జంగ్ అని ఖితాబు ఇచ్చాడని అందరూ చెబుతారు, ఈ ఎత్తు గోడల సంగతి మాత్రం తక్కువ మంది చెబుతారు. అయితే ఆ ఇంతెజాం నవాబుల ఇళ్లకు. బండ్ల మీద ఉల్లిగడ్డలు అమ్మే ఇళ్లకు జనానా స్టూడియో ఎక్కడిది?

ఫోటో ఇచ్చే చోటే చేతికి ప్రింటు వచ్చే పోలరాయిడ్ కెమెరాలు 1948 నుంచే అమెరికాలో అమ్మారు. అందులోనూ మధ్యన మనిషి లేడు. కానీ ప్రతి ఫోటోకూ ఒక ఖరీదైన కాగితం కావాలి. మా వైపు దాన్ని చూసినవాళ్లే తక్కువ.

నానీ అభ్యంతరం హయా గురించే కాదు, దీన్ గురించి కూడా. ప్రాణమున్న దాని తస్వీర్ చేయడం మనా అని హదీసుల్లో ఉంది. అది చేత్తో గీసిన బొమ్మకా, కెమెరా బొమ్మకు కూడానా అని ఆలిమ్‌లు నూరేళ్లకు పైగా బహస్ చేస్తూనే ఉన్నారు. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ గత శతాబ్దం మొదట్లో ఒక రిసాలా రాసి, ఫోటో అంటే కొత్తగా సృష్టించడం కాదు, ఉన్న నీడను పట్టి ఉంచడమే అన్నారు. మన ఉపఖండంలో దేవ్‌బంద్ బాటలోని పెద్దలు ఎక్కువమంది ఒప్పుకోలేదు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ ఫోటో కూడా తస్వీరేనని పుస్తకం రాశారు. డిజిటల్ వచ్చాక ఆయన కొడుకు ముఫ్తీ తకీ ఉస్మానీ, కాగితం మీద దించనంత వరకు తెర మీది బొమ్మకు ఆ హుకుం వర్తించదని అన్నారు. దేవ్‌బంద్ దీన్నీ కబూల్ చేయలేదు. నాన్న ఒక మాట, కొడుకు ఒక మాట, నడుమ మారింది మిషనే.

నానీకి ఈ కితాబులేవీ తెలియవు. మొదటి రోజే కెమెరాను అటూ ఇటూ తిప్పి ఒకటే అడిగింది, "ఇది రీలు ఎక్కడికి పంపాలె?"

"రీలు లేదు నానీ."

"మరి ఎవరు కడుగుతరు?"

"ఎవరూ కడగరు. ఇగో, ఇక్కడనే కనపడతది. వద్దనుకుంటే ఇది నొక్కితే మిటాయించొచ్చు."

నానీ ఆ డిలీట్ బటన్ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

ఆ వెనకాలి తెర, ఆ మిటాయించే ఇఖ్తియారు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. వెలుగును కరెంటుగా మార్చే సీసీడీ చిప్పును 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు, దానికి 2009లో నోబెల్ వచ్చింది. 1975లో కొడాక్‌లోనే స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు మూడున్నర కిలోలకు పైగా బరువున్న డిజిటల్ కెమెరా చేశాడు. అందులో పది వేల పిక్సెళ్లే. ఒక ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. చూడాలంటే టీవీకి తగిలించాలి. రీళ్లు అమ్ముకుని బతికే కంపెనీకి రీలు లేని కెమెరా మీద అంతగా ప్రేమ కలగలేదు. మామూలు జనానికి లెక్కలోకి వచ్చేది మాత్రం 1995లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన కాసియో క్యూవీ 10. ధర 65,000 యెన్లు. బొమ్మ చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, 320 బై 240. కానీ వెనకాల 1.8 అంగుళాల రంగుల తెర పెట్టిన మొదటి మామూలు కెమెరా అదే. తీసిన వెంటనే అక్కడే చూడొచ్చు, నచ్చకపోతే అక్కడే తీసేయొచ్చు. ఫోటో ఎంత సాఫ్‌గా వచ్చింది అన్నదాని మీద అందరూ మెగాపిక్సెళ్లు లెక్కపెట్టారు గానీ, మా ఇంటి వరకు అసలు బరకత్ ఆ తెరదే.

ఆపా నికా రోజు నేను కెమెరాను ఖాలా కూతురి చేతికిచ్చి జనానా గది తలుపు దగ్గర ఆగిపోయాను. లోపల ఏం జరిగిందో తెలియదు, నవ్వులు మాత్రం వినపడ్డాయి. మెహందీ చేతులు, జడ పూలు, గుంపుగా మంచమెక్కి దిగినవి, తలలు తెగిపోయినవి, ఫ్లాషు పడి ముఖం తెల్లగా పాలిపోయినవి, మొత్తం ఎనభై పైచిలుకు. మా ఖాందాన్‌లో ఆడవాళ్లు ఆడవాళ్లను తీసుకున్న మొదటి ఫోటోలు అవే. బాగా రానివి వాళ్లే కూర్చుని మిటాయించారు. ఇదీ నేను చూడలేదు, ఆపా చెప్పింది.

అయితే ఇంట్లో కంప్యూటర్ లేదు. కార్డు నిండితే సీడీలోకి ఎక్కించడానికి నెట్ సెంటర్‌కే పోవాలి. వెళ్లగొట్టామనుకున్న మధ్యవాడు అక్కడ మళ్లీ కూర్చుని ఉన్నాడు! కాపీ చేసిపెడతా భయ్యా అంటూ నెట్ సెంటర్ పిల్లగాడు చేయి చాచాడు. ఆపా ముందే కసమ్ వేయించుకుంది కాబట్టి నేనే కూర్చున్నాను. బొమ్మలు కనపడకుండా పేర్ల లిస్టు మాత్రమే పెట్టుకున్నాను. 100_0001, 100_0002 అని వరుసగా నంబర్లు. ఆ గదిలోని పండుగంతా నాకు అలా నంబర్లుగానే తెలుసు.

మరుసటి ఏడు ఆ ఖాలా కూతురికే రిష్తా వచ్చింది. పిల్లగాడి అమ్మ ఫోటో అడిగింది. ఖాలా కెమెరా తెచ్చి తెర మీద చూపించింది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసి, మా వాడికి చూపిస్త, ఒకటి ఇవ్వండి అంది. ఖాలా నవ్వుతూ, పిల్లగాడినే తీసుకురండి, ఇక్కడనే చూస్తడు అని, ఆమె ఎదుటనే బటన్ నొక్కి తీసేసింది. షోకేసులో ఇరవై ఏళ్ల కింద తను కూర్చున్న సంగతి ఖాలా ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ రోజు ఆ వేలు చెప్పింది.

2006 రంజాన్‌లో ఒక సాయంత్రం అసర్ తరువాత నానీ చాప మీద కూర్చుని హలీమ్ కోసం గోధుమలు ఏరుతోంది. నేను కెమెరా తుడుచుకుంటున్నాను. తల ఎత్తకుండానే, "తీయ్ ఒకటి" అంది. నమ్మలేక చూశాను. "నేను చూస్త. చూసినంక మిటాయించాలె" అంది. పల్లూ సర్దుకుంది. ఫ్లాషు వేయకుండా కిటికీ వెలుగులోనే తీశాను. తెర ఆమె చేతికిచ్చాను. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా జరిపింది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"యే తో మేరీ అమ్మా హై" అంది. ఇది మా అమ్మ కదా అని. వాళ్లమ్మకు ఫోటో లేదు, ఆమె పోయేనాటికి నానీకి పన్నెండేళ్లు.

కాసేపు అట్లాగే పట్టుకుంది. తెర దానంతటదే ఆరిపోయింది. మళ్లీ వెలిగించమంది. మళ్లీ చూసింది. ఇఫ్తార్ వేళ దగ్గర పడుతుంటే, "అబ్ మిటా దే" అని కెమెరా నాకిచ్చింది. ఉంచుకుంటా నానీ అన్నాను. నక్కో అంది. మాట ఇచ్చాను కాబట్టి ఆమె చూస్తుండగానే నొక్కాను.

2010లో నానీ ఇంతెఖాల్ అయింది. ఆమెది ఇప్పుడు ఒకే ఫోటో ఉంది, సర్కారీ గుర్తింపు కార్డు మీద గోరంత నలుపు తెలుపు బొమ్మ. జరూరత్ కాబట్టి దానికి ఒప్పుకుంది. అందులో ఉన్నది నానీ అని పేరు చదివితేనే తెలుస్తుంది.

ఆపా నికా సీడీ కూడా ఉండలేదు. రాసుకునే సీడీల్లో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుందనీ, ఎండా వేడీ తగిలితే ఆ రంగు పోతుందనీ మాకెవరు చెప్పారు? బీరువా పైన పెట్టిన సీడీని 2012లో కంప్యూటర్‌లో వేస్తే గిరగిరా తిరిగి ఆగిపోయింది. ఎవరూ చూడకూడదని జనానా ఫోటో ఒక్కటీ ప్రింటు వేయించలేదు. నానా నెగెటివ్‌ను పొయ్యిలో వేయడానికి ఒక సాయంత్రం పట్టింది. మేము ఏమీ చేయకుండానే ఎనభై ఫోటోలు పోయాయి.

సీడీ కోసం తిప్పలు పడుతున్నప్పుడే ఇంకోటి తెలిసింది. కార్డులో ఒక ఫోటోను డిలీట్ చేస్తే అది నిజంగా చెరిగిపోదట. కార్డు ఖాతా పుస్తకంలో ఆ పేరు కొట్టేసి, ఈ జాగా ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. ఆ జాగాలో ఇంకో ఫోటో వచ్చి కూర్చునేదాకా పాతది అట్లాగే ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. నికా ఫోటోలు తీశాక ఆ కార్డును ఎన్నిసార్లు నింపామో, ఎన్నిసార్లు ఖాళీ చేశామో. నానీ ఫోటో తరువాత మాత్రం ఎక్కువ తీయలేదు. అప్పటికి మామూ కెమెరా ఉన్న ఫోను పంపాడు, సెల్లులు మింగే కెమెరాను ఎవరూ ముట్టుకోలేదు.

వెంటనే చూడాలనిపించింది. నాకు నేనే ఆగాను.

తరువాతి కథ అందరికీ తెలిసిందే, ఫోన్లు, ఫార్వర్డులు. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరిలో మరోసారి, మన దేశంలోని ముస్లిం ఆడపిల్లల ఫోటోలను వాళ్ల సోషల్ మీడియా ఖాతాల నుంచి ఎత్తుకొచ్చి, వేలానికి ఉన్నారంటూ యాప్‌లలో పెట్టారు. అందులో జర్నలిస్టులున్నారు, చదువుకునే పిల్లలున్నారు. కేసులయ్యాయి, అరెస్టులయ్యాయి. ఆ వార్త వచ్చిన రాత్రి ఆపా తన ప్రొఫైల్ ఫోటో తీసేసి గులాబీ పువ్వు పెట్టుకుంది. నానా షోకేసు ముందు నిలబడి పైసలు ఇవ్వగలిగాడు. ఇప్పుడు ఏ షోకేసు ముందుకు పోవాలి? ఫోటో దిగడమే తప్పని నేను అనను, ఆ పిల్లల తప్పు రవ్వంత లేదు. నానీ భయాన్ని మాత్రం వెనకటి మనిషి జహాలత్ అని ఇక అనలేను.

పోయిన రంజాన్‌లో అమ్మీకి కార్డు సంగతి చెప్పాను. నానీ ఫోటో అందులో ఇంకా ఉండొచ్చు అన్నాను. అమ్మీ కత్తిపీట పక్కకు జరిపింది.

"పల్లూ ఉండెనా తల మీద?"

"ఉండె."

"నవ్వుతున్నదా?"

"గోధుమల దిక్కు చూస్తున్నది."

అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత చేతులు కడుక్కుని లోపలికి పోయి, నానీ తస్బీహ్, సుర్మాదానీ ఉన్న రేకు డబ్బా తెచ్చి మూత తీసి నా ముందు పెట్టింది. కార్డును అందులో వేశాను. డబ్బా మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. తీయమనలేదు, వద్దనీ అనలేదు.