వాల్తేరు మెట్ట మీద విశ్వవిద్యాలయం

1926లో మద్రాసు శాసనమండలి ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం చేసేనాటికి తెలుగు జిల్లాల్లో కళాశాలలకు కొదవ లేదు. రాజమండ్రిలో ప్రభుత్వ కళాశాల, కాకినాడలో పిఠాపురం రాజా కళాశాల, బందరులో నోబుల్ కళాశాల, విజయనగరంలో మహారాజా కళాశాల, గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల అప్పటికే తరాల పిల్లలకు చదువు చెప్పాయి. లేనిదల్లా వాటన్నిటికీ పైన ఉండే సొంత కచేరీ. పాఠ్యప్రణాళిక, ప్రశ్నపత్రం, పట్టా అన్నీ మద్రాసు నుంచే రావాలి. ఆ మద్రాసు విశ్వవిద్యాలయం కూడా 1857లో లండన్ నమూనాలో పుట్టింది. చాలా ఏళ్లపాటు దాని ప్రధానమైన పని పరీక్షలు పెట్టడమే. అందుకని తొలి రోజుల్లో మనవాళ్లలో చాలామందికి విశ్వవిద్యాలయం కావాలంటే పరీక్షల అధికారం మద్రాసు నుంచి మన గడ్డ మీదికి రావాలనే అర్థం. అది న్యాయమైన కోరికే. కానీ అక్కడితో ఆగిపోయి ఉంటే ఈరోజు ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు.

కేంద్రస్థానం ఎక్కడ అన్న వివాదం చరిత్ర పుస్తకాల్లో ఎక్కువ చోటు ఆక్రమించింది. బెజవాడ, రాజమండ్రి, విశాఖపట్నం, అనంతపురం, ఒక్కో ఊరి తరఫునా గట్టిగా వాదించేవాళ్లు ఉన్నారు. మొదట బెజవాడలో కచేరీ పెట్టారు, 1930లో విశాఖపట్నంలోని వాల్తేరుకు మార్చారు. ఈ కథను ఊళ్ల మధ్య పోటీగానే చెప్పుకుంటూ వచ్చాం. నా దృష్టిలో అసలు మలుపు వేరే చోట ఉంది. పరీక్షలు నడపడానికి కావలసింది గుమాస్తాలు, మార్కుల రిజిస్టర్లు, సీలు వేసిన ప్రశ్నపత్రాల కట్టలు, జవాబుపత్రాల పార్సెళ్లు చేరడానికి ఒక రైలు స్టేషను. అలాంటి సంస్థ ఏ ఊళ్లో ఉన్నా ఒకటే. రైలు జంక్షనుగా బెజవాడే దానికి అన్నిటికన్నా సరిపోయిన చోటు. సొంత ఆచార్యులు, సొంత ప్రయోగశాలలు, సొంత వసతిగృహాలు ఉండాలి అనుకున్నప్పుడే భూమి, నీరు, ఏళ్ల తరబడి వచ్చే డబ్బు అనే ప్రశ్నలు లేస్తాయి. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి కాలంలోనే ఆ దిశ స్థిరపడింది. ఊళ్ల పోటీకన్నా సంస్థ బతుకును నిర్ణయించింది ఈ ఎంపికే.

రెడ్డిగారి తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆయన అయిదేళ్ల పాలనను తత్త్వవేత్త హోదాతో ముడిపెట్టి పొగడడం మామూలు. ఆయన చేసిన పని మాత్రం పరిపాలకుడిది. పేరు స్థిరపడిన పెద్దల కోసం ఎదురుచూడకుండా వయసులో ఉన్న ప్రతిభావంతులను వెతికి తెచ్చుకున్నారు. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు లాంటివాళ్లు వాల్తేరులో పాఠాలు చెప్పింది అలాగే. రామన్ ఫలితం మీద పనిచేసిన సూరి భగవంతం భౌతికశాస్త్రానికి వచ్చారు. టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్ర శాఖను పెంచి, పత్తిపూల నుంచి రంగు పదార్థాలను విడదీసి వాటి నిర్మాణం తేల్చే పరిశోధన సాగించారు. పూలు ఎండబెట్టడం, ఆల్కహాలులో మరగబెట్టడం, వడపోయడం, స్ఫటికాలు కట్టేదాకా ఓపిక పట్టడం, ఇదంతా రోజుల తరబడి ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర జరగవలసిన పని. అనుబంధ కళాశాలలో వారమంతా బి.ఏ. తరగతులు చెప్పే ఉపాధ్యాయుడికి అంత తీరిక ఎక్కడిది? దీనికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు జయపురం సంస్థానం. దాని మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఒక్కసారి ఇచ్చే పెద్ద విరాళం భవనం కడుతుంది. ఏటా వచ్చే మొత్తం జీతాలిస్తుంది, రసాయనాలు కొంటుంది. ఆ తేడా తెలిసిన దాత దొరకడం వాల్తేరు అదృష్టం.

దీనికి ఎదురు వచ్చే వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. 1942లో యుద్ధ అవసరాలకు సైన్యం ఆవరణను తీసుకుంది, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి 1946లో గానీ తిరిగి రాలేదు. ఆవరణ లేకుండానే నాలుగేళ్లు బతికినప్పుడు దాని మీద అంత ఖర్చు, అంత శ్రమ ఎందుకు అని అడగవచ్చు. నాకు మాత్రం ఆ నాలుగేళ్లు నా వాదననే బలపరుస్తున్నట్టు కనిపిస్తాయి. గుంటూరుకు పోయింది కచేరీ ఒక్కటే కాదు, శాఖలకు శాఖలు పోయాయి. పదేళ్లపాటు ఒకేచోట కలిసి పనిచేసి, ఒకరి పద్ధతి ఒకరికి తెలిసిన మనుషులు కాబట్టే అరకొర వసతుల్లో మళ్లీ పని మొదలుపెట్టగలిగారు. 1936లో మళ్లీ పగ్గాలు పట్టిన రామలింగారెడ్డి 1949 దాకా ఉండడం కూడా కలిసొచ్చింది. అద్దె ఇళ్లలోకి మారడానికి ముందు, మారదగినంత గట్టి సముదాయం తయారై ఉండాలి. అది వాల్తేరులో తయారైంది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. వనరులన్నీ తూర్పు మూలన ఒక మెట్ట మీద పోగుచేస్తే అనంతపురం, కడప, కర్నూలు పిల్లల సంగతేమిటి? ఆ అసంతృప్తి ఊహ కాదు. రాయలసీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే తిరిగి వెళ్లాయి. 1937 నవంబరులో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడికకు కూర్చున్నప్పుడు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలన్నది అందులో రాసుకున్న షరతు. ఇక్కడ సీమ పెద్దల కోపం న్యాయమైనది, వాల్తేరు సాధించినవాటిని చూపించి దాన్ని కొట్టిపారేయడం తప్పు. అయితే వాళ్లు అడిగింది ఏమిటో గమనించాలి. వాల్తేరు ఆవరణను ముక్కలు చేసి జిల్లాకొకటి పంచమని వాళ్లు అడగలేదు. అలాంటి కేంద్రం తమకూ కావాలన్నారు. బోధన, పరిశోధన ఒకచోట చేరాలన్న సూత్రాన్ని ఒప్పుకుంటూనే తమ వాటా అడిగారు. ఆ వాటా ఇవ్వకపోవడం పాలకుల వైఫల్యం. సూత్రంలో లోపం లేదు.

స్వాతంత్ర్యం తరువాత ఆంధ్రదేశంలో ఉన్నత విద్య విస్తరించిన తీరులోనూ ఈ సూత్రమే కనబడుతుంది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరు దగ్గర స్నాతకోత్తర కేంద్రం పెట్టింది. 1976లో అదే నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఇక్కడ ముందు శాఖలు వచ్చాయి, పిల్లలు చేరారు, పరిశోధన మొదలైంది. పరీక్షల విభాగం, రిజిస్ట్రారు కచేరీ తరువాత వచ్చి చేరాయి. కాగితం మీద ముందు విశ్వవిద్యాలయాన్ని ప్రకటించి, అనుబంధ కళాశాలల పరీక్ష రుసుములతో నెట్టుకొచ్చే పద్ధతికన్నా ఈ వరుస ఎంతో మేలు. ఎందుకంటే పరీక్షల పని ఒకసారి నెత్తికెక్కితే ఏడాది పొడవునా దిగదు. హాల్ టికెట్లు, మూల్యాంకనం, రీవాల్యుయేషన్, ఫలితాల ఒత్తిడి ఉపకులపతి సమయాన్నీ, ఆచార్యుల సెలవులనూ తినేస్తాయి. పాదుకున్న శాఖలుంటే ఆ ఒత్తిడిని తట్టుకుంటాయి, లేకుంటే సంస్థ మొత్తం పరీక్షల బోర్డుగా మిగిలిపోతుంది.

శ్రీబాగ్‌లో మాట ఇచ్చిన అనంతపురానికి కూడా ఈ దారిలోనే, చాలా ఆలస్యంగా న్యాయం జరిగింది. తిరుపతి విశ్వవిద్యాలయం 1968లో అక్కడ స్నాతకోత్తర కేంద్రం తెరిచింది. అది పెరిగి 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. ఒడంబడిక మీద సంతకాలు పడి అప్పటికి నలభై నాలుగేళ్లు.